అన్నం పెట్టి పని చేయించుకోవచ్చా?

ప్రశ్న: కెనడాలో, బ్రాంప్టన్‌లో చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. మా బేస్‌మెంట్‌లో కెన్యా నుంచి వచ్చిన దంపతులు ఇద్దరు పిల్లలతో అద్దెకు ఉంటున్నారు. శరణార్థులుగా క్లెయిమ్ పెట్టి నాలుగు నెలలైనా వర్క్ పర్మిట్ రాలేదు. పెద్దవాళ్లు ఒక పూట పస్తుంటున్నారని మా ఆవిడ కనిపెట్టింది. జీతం ఇవ్వకుండా, కిచెన్‌లో సాయం చేయించుకుని నలుగురికీ భోజనం పెడితే తప్పా?

జవాబు: తప్పేనండీ. జీతం లేదు కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ఇమిగ్రేషన్ నిబంధనల్లో పని అంటే డబ్బు తీసుకుని చేసేదొక్కటే కాదు, ఇక్కడి పౌరులకో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్లకో దొరకాల్సిన ఉద్యోగానికి నేరుగా పోటీ అయ్యేదీ పనే. మీకు గిన్నెలు కడగడానికి ఎలాగూ ఓ మనిషి కావాలి, ఆ చోట వాళ్లను నిలబెడితే కూలి ఇడ్లీల రూపంలో ఇచ్చినట్టే లెక్క. ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 124 కింద నేరం మీ మీదికే వస్తుంది, కేసు గట్టిగా నడిస్తే 50,000 డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు. ఊరికే అన్నం పెడితే అడిగేవాడు లేడు, పెట్టండి.

పర్మిట్ సంగతికొస్తే, క్లెయిమ్ నింపేటప్పుడు వర్క్ పర్మిట్ కావాలా అన్న చోట అవును అని పెట్టారా? లేకపోతే విడిగా అప్లై చేయాలి, వీళ్లకు ఫీజు లేదు. మెడికల్ టెస్ట్, వేలిముద్రలు అయ్యాయా? టెస్ట్ ఇమిగ్రేషన్ శాఖ జాబితాలోని డాక్టరే చేయాలి, ఖర్చు ఫెడరల్ హెల్త్ ప్రోగ్రామ్‌ది. అన్నీ అయినా ఉలుకూ పలుకూ లేకపోతే మీ ఎంపీ ఆఫీసుకు వెళ్లి ఫైలు ఎక్కడుందో కనుక్కోమనండి.

ఈలోగా కడుపు నిండాలి కదా, ఒంటారియో వర్క్స్‌కి (ఒంటారియో ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) అప్లై చేయించండి, దానికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు, క్లెయిమ్ కాగితం చూపిస్తారు. ఒంటరి మనిషికి నెలకు 733 డాలర్లు, అందులో అద్దెకు 390 (ఆ అద్దెకు బ్రాంప్టన్‌లో గది ఉంటే నాకూ చెప్పండి), పిల్లలుంటే ఇంకాస్త ఎక్కువ. ప్రభుత్వ సాయం తీసుకుంటే శరణార్థి కేసు పోతుందని చాలామంది భయపడి పస్తులుంటారు, అది ఉత్త మాట. గెలిచాక పీఆర్‌కి కూడా అది అడ్డం కాదు. అద్దె ఎంతో రాసి సంతకంతో ఒక కాగితం ఇవ్వండి, అక్కడ అడుగుతారు.