వీణలు కొనడానికి ముందు

చిరంజీవి అమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

ప్రభుత్వ బడుల్లో పిల్లలకు సంగీతం నేర్పించడానికి ట్రస్టు పెడుతున్నానని రాశావు. నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ముప్ఫై ఏళ్లు వీణ నేర్పినవాడికి ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది!

అయితే మొదటి ఏడాదే పది బొబ్బిలి వీణలు కొంటానన్నావు. వద్దమ్మా. ఒకప్పుడు మేం కొందరం చందాలు వేసుకుని ఒక బడికి రెండు వీణలు ఇచ్చాం. ఏడాదిన్నర తర్వాత వెళ్లి చూస్తే బీరువా వెనక నిలబెట్టి ఉన్నాయి. ఎండకు మైనం మెత్తబడి, స్వరాల కోసం తీగల కింద అందులో అమర్చే మెట్లు పక్కకు జరిగాయి. ఒకదాని తీగ తెగి చుట్టలు చుట్టుకుని వేలాడుతోంది. తప్పు బడిది కాదు, మాది. వీణ ఇచ్చాం గానీ నేర్పే మనిషిని ఇవ్వలేదు. జరిగిన మెట్లు సరిచేయాలన్నా స్వరం తెలిసిన పనివాడు రావాలి, వాడికి కూలీ ఇవ్వాలి. అదీ మేం ఆలోచించలేదు.

కాబట్టి ముందు ఒక గురువుకు రెండేళ్ల జీతం పక్కన పెట్టు. గౌరవ వేతనం అనకు, జీతం అను. వేసవి సెలవుల్లోనూ ఆపకు. మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు నేర్చుకోవడానికి పిల్లల గొంతులు, ఆధార స్వరం పలికే ఒక శ్రుతి పెట్టె చాలు.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టడానికి కారణం చూపులేని ఒక పిల్లవాడి సంగీతాభిలాష అని చెబుతారు. దానికి హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాలుగా పెట్టారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పారు. ఆ కళాశాలకు అంత పేరు తెచ్చింది ఆ గురువులే.

ట్రస్టు దస్తావేజులో 'కళాసేవ' అని గుండుగుత్తగా రాయించకు. సంగీత విద్య, గురువుల జీతాలు, వాద్యాల మరమ్మతు అని విడివిడిగా రాయించు. తర్వాత మార్చడం కష్టం.

ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్లేటప్పుడు 2020 జాతీయ విద్యా విధానం ప్రతి వెంట ఉంచుకో. కళలను చదువుకు బయటి వ్యవహారంగా చూడవద్దని అందులో ఉంది. వారానికి రెండు పీరియడ్లు అడుగు. ఆఖరి పీరియడ్ ఇస్తామంటారు, ఒప్పుకోకు. అప్పటికి పిల్లలు సంచులు భుజాన వేసుకుని గంట కోసం చూస్తుంటారు.

పదో తరగతి చదువుకు ఇది అడ్డం కాదా అని తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్లతో వాదించకు. నాలుగు నెలలు ఆగి, వాళ్లను కూర్చోబెట్టి పిల్లల చేత, ఒక్కో స్వరం రెండేసిసార్లు వచ్చే జంట వరుసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడించు. మూడో కాలంలో ఇరవై గొంతులు ఒక్క తాళానికి నడుస్తుంటే, తన బిడ్డ గొంతు ఏదో తల్లి వెతుక్కుంటుంది. మర్నాడు నీ తరఫున బడివాళ్లతో మాట్లాడేది ఆవిడే.

శాలువాలకు, సన్మానాలకు మాత్రం ట్రస్టు డబ్బు తీయకు.

రెండో ఏడాది ఏ పిల్లకైనా వీణ మీద మనసు పడితే నాకు కబురు చెయ్యి. ఇద్దర్నీ బొబ్బిలి దగ్గర గొల్లపల్లి తీసుకువెళతాను. ఒకే పనస దుంగను వీణగా తొలుస్తుంటే ఆ పిల్ల పక్కన కూర్చుని చూడాలి.

ఉంటాను,
మీ పెదనాన్న