మేనేజర్‌ని తెలుగులో ఏమనాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగైదు ఒకే గూటివి. అన్నీ పదవుల పేర్ల మీదే. అందుకే ఒకచోట పెట్టి జవాబులు ఇస్తున్నాను.

ప్ర: మా అపార్ట్‌మెంట్ సంఘానికి ఈ ఏడాది నన్ను ప్రెసిడెంట్‌గా ఎన్నుకున్నారు. సంక్రాంతి ముగ్గుల పోటీ కరపత్రంలో నా పేరు కింద 'అధ్యక్షుడు' అని అచ్చేశారు. ఇదేంటని అడిగితే 'అది పదవి మేడమ్, దానికి ఆడా మగా ఉండదు' అన్నారు. నిజమేనా?
*ఒక పాఠకురాలు, విజయవాడ*

జ: కాదండీ. 'అధ్యక్షురాలు' అనే మాట నిక్షేపంగా ఉంది. ఊళ్లలో పొదుపు సంఘాల వాళ్లు రోజూ వాడుతూనే ఉన్నారు, 'గ్రామ సంఘం అధ్యక్షురాలు' అని ముద్ర వేసి సంతకం కూడా పెడతారు. మరీ మొహమాటమైతే 'అధ్యక్షులు' అని వేయించండి, గౌరవానికి గౌరవం, ఎవరికైనా సరిపోతుంది. మీవాళ్ల వాదన చెల్లేది 'రాష్ట్రపతి' లాంటి మాటల దగ్గర. 2007లో ప్రతిభా పాటిల్ ఎన్నికైనప్పుడు ఈ చర్చే నడిచింది. అక్కడ 'పతి' అంటే మొగుడు కాదు, ఏలిక. దాన్ని ఆడమాట చేయబోతే 'పత్ని' అయి అర్థం ఎక్కడికో పోతుంది కాబట్టి అలాగే వదిలేశారు, ఇప్పుడు ద్రౌపది ముర్ముగారూ రాష్ట్రపతే. అధ్యక్షుడికి ఆ ఇబ్బందే లేదు. వచ్చే కరపత్రానికి ప్రూఫు మీరే చూడండి.

ప్ర: ప్రధానమంత్రి పెద్దా, ముఖ్యమంత్రి పెద్దా అంటే మా అబ్బాయి టక్కున చెప్పాడు. 'మరి ప్రధాన కార్యదర్శి, ముఖ్య కార్యదర్శి?' అంటే ఇద్దరం తెల్లమొహం వేశాం.
*ఒక పాఠకుడు, సిద్దిపేట*

జ: తెల్లమొహం వేయాల్సిందే, మన అనువాదాల పుణ్యం అది. ఇంగ్లిషు 'చీఫ్' మంత్రి దగ్గర 'ముఖ్య' అయింది, అదే చీఫ్ సెక్రటరీ దగ్గరికి వచ్చేసరికి 'ప్రధాన' అయి కూర్చుంది. రాష్ట్రం మొత్తం అధికారులకు పెద్ద 'ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి', అంటే మనం సీఎస్ అనే ఆయన. ప్రిన్సిపల్ సెక్రటరీ 'ముఖ్య కార్యదర్శి', ఏదో ఒక శాఖను చూసుకుంటారు, సీఎస్ కింద. ఇది చాలదన్నట్టు పార్టీల్లో జనరల్ సెక్రటరీని కూడా ప్రధాన కార్యదర్శి అనే అంటాం, ఒక్కో పార్టీకి అలాంటివాళ్లు అరడజను మంది ఉంటారు! అందుకే పేపర్లో ఆ మాట కనబడితే ముందు 'ప్రభుత్వ' అని ఉందో లేదో చూసుకోండి.

ప్ర: మేనేజర్‌కి అసలు సిసలు తెలుగు మాట ఏది? నిఘంటువులో 'నిర్వాహకుడు' అని ఉంది కానీ మా బ్యాంకులో అలా పిలిస్తే నవ్వుతారు.
*ఒక బ్యాంకు ఉద్యోగి, రాజమండ్రి*

జ: నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నిర్వాహకుడు అనగానే నాకు వినాయక చవితి పందిరి దగ్గర మైకు పట్టుకున్న కుర్రాడే గుర్తొస్తాడు. మాటలో తప్పు లేదు, అది ఉత్సవాలకీ సభలకీ అతుక్కుపోయింది, అంతే.

అసలు ఈ మాటలన్నీ విప్పి చూస్తే సరదాగా ఉంటుంది. అధ్యక్షుడంటే పైనుంచి కన్ను వేసి ఉంచేవాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రెండో అధికరణం పేరే అధ్యక్షప్రచారం. అందులో సేద్యం చూసే సీతాధ్యక్షుడు, నూలు చూసే సూత్రాధ్యక్షుడు, ఓడలకు నావాధ్యక్షుడు, చివరికి కల్లు దుకాణాలు చూసుకోవడానికి సురాధ్యక్షుడు కూడా ఉన్నాడు. వీళ్లు సభలో దండ వేయించుకునే అధ్యక్షులు కారు, లెక్క తేడా వస్తే జరిమానా కట్టే మేనేజర్లు. కార్యదర్శి కూడా చూసేవాడే, పని చూసేవాడు. సంచాలకుడు కదిలించేవాడు. యజమాని అంటే మొదట యజ్ఞం చేయించుకునేవాడు, అంటే ఖర్చు ఆయనది, పని ఋత్విజులది, అంటే యజ్ఞం జరిపించే పురోహితులది. ఫ్యాక్టరీ గేటు మీద నోటీసుకు కింద 'ఇట్లు, యాజమాన్యం' అని చూసినప్పుడల్లా నాకు ఇదే తట్టి నవ్వొస్తుంది.

తిరుమలకు ఇంకో మాట ఉండేది. 1843 నుంచి ఆలయ వ్యవహారాలు చూసిన హాథీరాంజీ మఠం మహంతులను విచారణకర్తలు అనేవారు. విచారణ అంటే ఇక్కడ పోలీసుల విచారణ కాదు, బాగోగులు చూడటం. 1932 చట్టంతో దేవస్థానం కమిటీ వచ్చాక ఆ మాట మరుగున పడింది, ఇప్పుడు ఈఓ, బోర్డు ఛైర్మన్. విచారణకర్త పోవడం నాకైతే నష్టమే అనిపిస్తుంది.

ఇక మేనేజర్. దాని మూలం ఇటాలియన్‌లో గుర్రాన్ని చేత్తో అదుపు చేయడం. మనవాళ్లు ఎవరూ చెప్పకుండానే అక్కడికే చేరారు చూడండి, 'పార్టీ పగ్గాలు చేపట్టారు' అంటాం, క్రికెట్ కెప్టెన్‌ని సారథి అంటాం. పగ్గాలు ఉన్నాయి, రథం ఉంది, బ్యాంకులో కూర్చున్నాయన మాత్రం మేనేజరుగారే.

మా తాతగారు ఒక రైసు మిల్లులో పనిచేసేవారు. తాళాల గుత్తి ఆయన మొలకే ఉండేది, కాటా ముల్లు ఆయన చూస్తేనే బస్తా కదిలేది, కూలీలకు శనివారం డబ్బులిచ్చేదీ ఆయనే. ఓనరు నెలకోసారి వచ్చి కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగి వెళ్లేవాడు. ఇంతా చేసి తాతగారి హోదా, జీతం రెండూ గుమాస్తావే. పేరు కన్నా పనే ముఖ్యమని అప్పుడే అర్థమైంది. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: మేనేజర్ తెలుగు మాటే అయిపోయింది, వాడుకోండి. మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చిందని ఇప్పుడు ఎవరికి పట్టింది?

ప్ర: ఛైర్మన్‌కీ సీఈఓకీ తేడా ఏంటి?
*ఒక విద్యార్థిని, కర్నూలు*

జ: బోర్డు సమావేశాలకు పెద్ద ఛైర్మన్. కంపెనీని రోజూ నడిపేది సీఈఓ, అంటే చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్, ఆయన్ను పెట్టేదీ తీసేదీ బోర్డే. ఒక్కోసారి రెండు కుర్చీలూ ఒకరివే. సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు, 2021లో ఛైర్మన్ కూడా అయ్యారు. మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. జిల్లా పరిషత్‌కీ సీఈఓ ఉంటారు, ఎన్నికలప్పుడు టీవీలో కనబడే సీఈఓ వేరు, ఆయన చీఫ్ ఎలక్టోరల్ ఆఫీసర్, ఎన్నికల అధికారి.

ప్ర: 'పెత్తందారు' తిట్టా, పదవా?
*ఒక పాఠకుడు, నెల్లూరు*

జ: పుట్టుక పెద్దరికమే, పెద్దతనం కాస్తా పెత్తనం అయింది. ఇప్పుడు మాత్రం తిట్టే. మీ బాస్ ఎదుట అనకండి.