దసరా దావత్‌కు తలో తిండి ఉన్నోళ్లు వస్తే తక్కువలో ఏం వండాలె?

అడిగిన సంగతి ఇది: దసరాకు ఇంటికి 30 మంది వస్తున్నరు. మటన్ లేనిది ముద్ద దిగనోళ్లు, నీసు ముట్టనోళ్లు, షుగర్ ఉన్న పెద్దోళ్లు, ఉల్లి ఎల్లిగడ్డ తినని మేనత్త, పక్కింటి ముస్లిం కుటుంబం. పైసలు చూస్తే తక్కువ.

ఒక్కొక్కరికి ఒక్కో వంట అనే ఆలోచన ముందు పక్కకు పెట్టండి, ఖర్చు పెరిగేది అక్కడనే. దాదాపు అందరు తినేటట్టు బగారన్నం, దాల్చా, పచ్చిపులుసు నీసు లేకుండ వండి, మాంసం ఒక్కటి వేరేగా పెడితే లెక్క సగం తేలిపోతది. మన దగ్గర చాలామంది దాల్చాలో మటన్ బొక్కలు వేస్తరు. రుచి వస్తది, కాదనను. కానీ ఆ నాలుగు బొక్కలతోని శాకాహారులకు ఉన్న ఒక్క కూర పోతది, ఇగ వాళ్ల కోసం పనీర్ కొనుకొస్తరు. పాలమూరు, నల్లగొండ దావత్‌లలో పనీర్‌కు ఏం పనో నాకు ఎన్నడూ సమజ్ కాలేదు. గుత్తి వంకాయ ఉండగ అదెందుకు?

బొక్కలు మటన్ కూరలోనే ఉంచండి. 20 మంది మాంసం తింటరనుకుంటే బొక్కతో కలిపి 3 కిలోల మటన్ చాలు. నాలుగు కట్టల గోంగూర పడితే కూర నిండుగా ఉంటది, పులుపుకు అన్నం ఎక్కువ పోతది. మటన్ వద్దన్నోళ్లకు కిలోన్నర చికెన్ వేపుడు. ముస్లిం చుట్టాలు, దోస్తులు వస్తుంటే మాంసమంతా హలాల్ దుకాణంలోనే తెస్తే రెండు గంజులు పెట్టే పని తప్పుతది. అమ్మవారికి కోసిన యాట కూర మాత్రం వాళ్లకు పెట్టొద్దు, దేవతకు ఇచ్చింది వాళ్లు తినరు. తారీఖు కూడా చూసుకోండి: 2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబర్ 2నే పడ్డయి. గాంధీ జయంతికి మాంసం దుకాణాలు బంద్ పెట్టిస్తరు.

ఇగ బగారన్నం. 30 మందికి 3 కిలోల పాత సోనా బియ్యం, రొట్టె, పులిహోర కూడా ఉంటయి కాబట్టి సరిపోతది. పావు కిలో నూనెలో చెక్క, లవంగం, యాలకులు, సాజీర, బిర్యానీ ఆకు, అర కిలో ఉల్లిగడ్డ, 15 పచ్చిమిరపకాయలు, 100 గ్రాముల అల్లం ఎల్లిగడ్డ, పుదీన, కొత్మీర. చెడిపోయేది నీళ్ల దగ్గర. ఇంట్లో గ్లాసుకు రెండు గ్లాసులు పోసినట్టే పెద్ద గంజులో పోస్తే అడుగున జావ అయితది. గంజు పెద్దదైనంత మాత్రాన ఆవిరి ఆ లెక్కన పెరగదు, నీళ్లు లోపలే ఉండిపోతయి. అరగంట నానిన బియ్యానికి గ్లాసుకు గ్లాసున్నర, మహా అయితే గ్లాసూ ముప్పావు. ఎసరు నాలుకకు వేసుకుంటే ఉప్పు ఒక రవ్వ ఎక్కువే తెలియాలె, బియ్యం పడ్డంక సరిపోతది. నీళ్లు బియ్యం మట్టానికి దిగి పైన బుడగల బొక్కలు పడంగనే మంట తగ్గించి, మూత మీద బరువు పెట్టి పావుగంట వదిలెయ్యండి. మధ్యలో గంటె పెట్టి కలిపితే మెతుకు విరిగి ముద్దయితది. తీసేటప్పుడు కూడా గంటె కాదు, పళ్లెంతో అంచు పొంటి ఎత్తాలె.

దాల్చాకు కిలో శనగపప్పు, పావు కిలో కందిపప్పు, రెండు సొరకాయలు, 100 గ్రాముల చింతపండు. పప్పు మెత్తబడక ముందే పులుసు పోస్తే ఎంతసేపు ఉడికినా శనగపప్పు పలుకు పోదు. అది చల్లారితే గట్టిపడతది, పక్కన వేడినీళ్లు ఉంచుకోండి.

ఉల్లి ఎల్లిగడ్డ తిననోళ్లకు, భవాని మాల వేసుకున్నోళ్లకు వేరే వంట అక్కర్లేదు. సద్దుల బతుకమ్మకు చేసే చింతపండు పులిహోర, పెరుగన్నం మళ్లీ చేస్తే అయిపోయింది, రెంటిలోనూ అవి పడయి. పులిహోర ముందురోజు రాత్రే కలుపుకోవచ్చు. అందులో, గుత్తి వంకాయ మసాలలో పల్లీలు ఉంటయి కాబట్టి, పల్లీ పడని పిల్లలు ఉన్నరా అని పిలిచేటప్పుడే అడగండి.

షుగర్ ఉన్నోళ్లకు, షుగర్ తక్కువ పెంచుతదని పేరున్న ఆర్‌ఎన్‌ఆర్ 15048 (తెలంగాణ సోనా) బియ్యం తెచ్చి రెండు గిన్నెలు తినమంటరు కొందరు. ఏ బియ్యమైనా అన్నం అన్నమే. మనిషికి రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర పెట్టండి. కిలో పిండికి 12 రొట్టెల దాక వస్తయి. పిండి అప్పుడే పట్టించింది కావాలె, నిలవ పిండి చేదెక్కి, వేడినీళ్లతో కలిపినా అంచులు పగులుతది. ఇంట్లో చేసే చెయ్యి లేకపోతే సాయంత్రం రోడ్డు పక్కన రొట్టెలు చేసే అమ్మలకు ముందురోజే చెప్పిపెట్టండి.

తీపికి గులాబ్‌జామున్ డబ్బాలు మానండి. అది సీతాఫలాల కాలం, బాలానగర్ కాయ ఒక గంప తెస్తే పని అయిపోయింది. పండే కదా అని షుగరోళ్ల చేతిలో పెట్టకండి, వాళ్లకు జామకాయ కొయ్యండి.

వడ్డించే కాడ మాంసం బల్ల ఇంకో మూలకు ఉండాలె. ఒకే బల్ల మీద పెడితే పావుగంట తిరగక ముందే మటన్ గంటె దాల్చాలో పడతది, పైన తేలిన ఎర్ర నూనె చూసి శాకాహారులు ఉత్త పెరుగన్నంతో లేస్తరు. మాంసం గంటెలకు ఎర్ర దారం కట్టి, అక్కడ ఒక మనిషిని నిలబెట్టండి.