ఆ సీటు ఎవరికి కావాలి?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. నాన్న పోయాక బీఎస్సీ రెండో ఏట మానేసి శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగంలో చేరాను. ఇంటర్ ఎంపీసీ చదివే చెల్లెలు ఐసర్‌లో (సైన్స్ చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ) చేరతానంటోంది. నలుగురిలో నోరు విప్పదు. అందుకని, నలుగురితో పని ఉండని సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) చదవమన్నానని నెల రోజులుగా మాటల్లేవు. పర్సనాలిటీ టెస్ట్ పెట్టిస్తే తనకు సైన్స్ పడుతుందో లేదో తేలుతుందా?

జవాబు: తేలదు. కోర్సు ఎంచుకోవడానికి పెట్టే ఇలాంటి టెస్టుల్లో చాలా జాన్ హాలండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు మనుషుల ఆసక్తులను ఆరు రకాలుగా విడదీసిన పద్ధతి మీద నడుస్తాయి. ఇష్టం ఎటుందో కాస్త చెబుతాయి, అంతే. అయినా సీఎస్ఈ వాళ్లకు నలుగురితో పని ఉండదని మీకెవరు చెప్పారు?

టెస్టు ఎందుకు, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. స్కూలు వాళ్లు పై వాతావరణాన్ని పరిశీలించే గాదంకి రాడార్ చూపించడానికి తీసుకెళ్తే, మిగతా పిల్లలు ఫొటోలు దిగుతుంటే, తను యాంటెన్నాల వరసలు లెక్కపెట్టి 'ముప్పై రెండు ముప్పై రెళ్లు 1,024' అని నోటుబుక్కు అట్ట వెనక రాసుకుందన్నారు. దాన్ని మీరు పిచ్చి అన్నారు. అక్కడున్నవి సరిగ్గా అన్నే నాయనా!

నేను ఆగిపోయింది వేరే చోట. 'నేను చదువు మానేసింది దీనికోసమేనా' అని మూడుసార్లు రాశారు. మీరు వదిలేసింది కూడా ఫిజిక్సే. ఇంటికి పెద్దకొడుకుగా మీరు చేసింది చిన్న పని కాదు, చేతులెత్తి దండం పెడతాను. కానీ దాన్ని ఆ పిల్ల పేరున పద్దు రాసి, బాకీ కింద సీఎస్ఈ సీటు అడగడం నాకు నచ్చలేదు. మీకు అందని చదువు మీ కళ్లెదుటే తను చదువుతుంటే కష్టంగా ఉంటుందేమో కూడా. ఈ మాటకు కోపం వస్తే రానివ్వండి.

ఐసర్ అంటే ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ఏర్పేడు దగ్గరున్న మన తిరుపతి ఐసర్ 2015లో మొదలైంది. చేరాలంటే ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో బయాలజీ ప్రశ్నలూ ఉంటాయి కాబట్టి ఎంపీసీ పిల్ల ఇప్పట్నుంచే చూసుకోవాలి. మన జిల్లాలోనే సీటొస్తుందన్న గ్యారంటీ లేదు, దూరం పంపడానికి అమ్మను మీరే ఒప్పించాలి. ఎందుకైనా మంచిది, ఈఏపీసెట్ కూడా రాయించండి.

మీ బీఎస్సీ నోట్సు అటక మీదే ఉందన్నారుగా. వచ్చే వీక్లీ ఆఫ్ రోజు దింపి, దుమ్ము దులిపి, తన చేతికివ్వండి. మాట కలపడానికి వేరే మాట వెతుక్కోనక్కర్లేదు.