ప్రోగ్రాం నడుస్తా నడుస్తా నిలబడిపోయింది, డీబగ్గర్ ఎట్టా తగిలించాలి?

ప్రశ్న: సర్, మాది సింగరాయకొండ, ఒంగోల్లో ఎంటెక్ చేస్తున్నా. ప్రాజెక్టుకి సీ లాంగ్వేజ్‌లో ఎంపీఐ (ప్రాసెస్‌లు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) ప్రోగ్రాం రాశా, నాలుగు ప్రాసెస్‌లు, ప్రతిదీ పక్కదానికి డేటా పంపాలి. అరేలో వంద నంబర్లుంటే బానే వస్తంది, పది లక్షలిస్తే ఎర్రర్ కూడా లేకుండా అట్టానే ఉండిపోతంది. నడుస్తున్న ప్రాసెస్‌కి జీడీబీ డీబగ్గర్ని అటాచ్ చేస్తే ల్యాబ్ ఉబుంటులో పర్మిషన్ లేదంటది, నా ల్యాప్‌టాప్‌లో సుడోతో చేస్తే పోల్ అని ఏదో చూపిస్తంది తప్ప నా ఫంక్షన్లే కనపడవు.

జవాబు: నువ్వు తగులుకుంది ఎంపీఐరన్‌కి, అంటే నీ ప్రోగ్రాంని స్టార్ట్ చేసే కమాండ్‌కి అనుకుంటా అబ్బాయ్, అది పిల్ల ప్రాసెస్‌ల కోసం ఎదురుచూస్తా కూచోనుంటది, దాంట్లో నీ కోడ్ ఉండదు. పీజీరెప్ కొట్టి నీ ప్రోగ్రాం పేరు మీద ఉన్న నాలుగు పీఐడీలు (ప్రాసెస్ నంబర్లు) తీసుకో. ఏది ఏ ర్యాంకో (ఎంపీఐ ఒక్కో ప్రాసెస్‌కి ఇచ్చే వరస నంబరు) తెలియాలంటే, నీది ఓపెన్ ఎంపీఐ లైబ్రరీ అయితే ప్రాక్ డైరెక్టరీ కింద ఆ పీఐడీ ఫోల్డర్లో ఎన్విరాన్ ఫైల్ ఉంటది, దాంట్లో ర్యాంక్ నంబర్ రాసుంటది.

పర్మిషన్ గోల యామా అనే లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్ వల్ల. ఉబుంటులో 10.10 నుంచీ ఉంది ఇది, దాని పీట్రేస్ స్కోప్ సెట్టింగ్ విలువ 1 ఉంటే తను పుట్టించిన ప్రాసెస్‌ని తప్ప వేరేదాన్ని డీబగ్గర్ ముట్టుకోనీదు. మీ ల్యాబ్ అడ్మిన్ దాన్ని 0 చేస్తే సరిపోద్ది, చెయ్యనంటే ఎంపీఐరన్‌కి నీ ప్రోగ్రాం బదులు ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ విండోలో జీడీబీని ఇచ్చి స్టార్ట్ చెయ్, ర్యాంకుకో విండో వస్తది, నాలుగింటికైతే పర్లేదు గానీ అరవై నాలుగింటికి చేశావంటే స్క్రీన్ మీద చోటుండదు.

హైఫన్ జీ (డీబగ్ సమాచారం కోసం) పెట్టి ఓ0లో (ఆప్టిమైజేషన్ లేకుండా) మళ్లీ కంపైల్ చేసుకో, లేకపోతే వేరియబుల్ అడిగినప్పుడల్లా ఆప్టిమైజ్డ్ అవుట్ అంటది. ఆగిపోయాక రెండు ర్యాంకులకి అటాచ్ చేసి బీటీ (ఏ ఫంక్షన్ని ఏది పిలిచిందో చూపించే కమాండ్) కొట్టు. పైనున్న లైన్లన్నీ లైబ్రరీవి, వాటి జోలికి పోబాక, అప్ కొట్టుకుంటా నీ ఫంక్షన్ వచ్చిందాకా పో, ఆడ డెస్టినేషన్ ప్రింట్ చెయ్. నువ్వు చెప్పినదాన్నిబట్టి రెండూ ఎంపీఐ సెండ్‌లోనే ఉంటాయి, ఒకటి 1కి పంపుతా, ఇంకోటి 2కి పంపుతా, రిసీవ్ దాకా ఒక్కటీ రాలేదు. చిన్న మెసేజైతే లైబ్రరీ లోపల్లోపలే దాచేసుకోని సెండ్‌ని వదిలేస్తది, పెద్దదైతే అవతలోడు రిసీవ్ పిలిచిందాకా వదలదు, అందుకే వందకి నడిచింది. అంటే తప్పు వందకి కూడా ఉన్నట్టే, బయటపళ్లా అంతే. సెండ్, రిసీవ్ రెండూ తీసేసి, రెండు పనులూ కలిపి చేసే సెండ్‌రిసీవ్ పెట్టు.

మొదట్లోనే క్రాష్ అయ్యే ప్రోగ్రాంకి ఈ పద్ధతి కుదరదు, అటాచ్ చేసేలోపే చచ్చిపోద్ది. దానికి ఎంపీఐ ఇనిట్ అయ్యాక హోస్ట్ పేరు, పీఐడీ ప్రింట్ చేసి, ఒక వేరియబుల్ 0గా ఉన్నంతసేపు స్లీప్‌లో తిరిగే లూప్ పెట్టుకో, అటాచ్ అయ్యాక సెట్ వార్‌తో దాన్ని 1 చేసి కంటిన్యూ చెయ్. వేరియబుల్‌కి వోలటైల్ మర్చిపోబాక, మర్చిపోయి ఓ2లో (ఆప్టిమైజేషన్‌తో) కంపైల్ చేశావంటే కంపైలర్ ఆ చెకింగే తీసేయొచ్చు, అప్పుడు నువ్వు ఎన్నిసార్లు 1 పెట్టినా లూప్ తిరుగుతానే ఉంటది.