డ్రాకులా: కాగితాల మీద సాగిన వేట

ప్రశ్న: రక్తపిశాచి కౌంట్ డ్రాకులా గురించి బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా నవలను ఇటీవలే పూర్తిగా చదివాను. పేరు డ్రాకులాదే అయినా, మొదటి నాలుగు అధ్యాయాలు దాటాక అతడు కనిపించే సందర్భాలు చాలా తక్కువ. మిగిలినదంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికా వార్తలే. రచయిత కథను నేరుగా ఎందుకు చెప్పలేదు? ఆయన ఎలాంటి మనిషి?

జవాబు: ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే చోట దొరుకుతుందని నా నమ్మకం. బ్రామ్ స్టోకర్ 1847లో డబ్లిన్ సమీపంలోని క్లాంటార్ఫ్‌లో పుట్టారు. ట్రినిటీ కాలేజీలో చదివి, డబ్లిన్ కాజిల్‌లో ప్రభుత్వ గుమాస్తాగా చేరారు. ఆయన రాసిన తొలి పుస్తకాల్లో ఒకటి కథ కాదు. ఐర్లండ్‌లో చిన్న నేరాలు విచారించే కోర్టుల గుమాస్తాలు ఏ కాగితాన్ని ఎలా రాయాలో, ఎలా భద్రపరచాలో చెప్పే మార్గదర్శిని అది, 1879లో వెలువడింది. అంతకు ముందు ఏడాదే ఆయన లండన్ వెళ్లి, ప్రఖ్యాత నటుడు హెన్రీ ఇర్వింగ్ నడుపుతున్న లైసియం థియేటర్‌కు మేనేజరయ్యారు. లెక్కలు, ఒప్పందాలు, ఇర్వింగ్ తరఫున రాయవలసిన ఉత్తరాలు, నాటక బృందం ప్రయాణాల ఏర్పాట్లు, ఇవన్నీ పాతికేళ్లకు పైగా చూసుకున్నారు. డ్రాకులా 1897లో వెలువడింది.

రికార్డుల విలువ ఎరిగిన మనిషి రాసిన నవల కాబట్టే, ఇందులో రాక్షసుణ్ణి ఓడించే ఆయుధాల్లో శిలువకూ వెల్లుల్లికీ ఉన్నంత చోటు కాగితానికీ ఉంది. ఇంటి కొనుగోలు పని మీద వెళ్లి డ్రాకులా కోటలో బందీ అయిన లండన్ న్యాయవాది జొనాథన్ తన డైరీని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటాడు. అదే లిపిలో తన కాబోయే భార్య మీనాకు రాసిన ఉత్తరం చేతికి చిక్కినప్పుడు కౌంట్ దాన్ని చదవలేక కోపంతో దీపం మంటలో కాల్చేస్తాడు. పిచ్చాసుపత్రి నడిపే డాక్టర్ సీవార్డ్ తన డైరీని ఫోనోగ్రాఫ్ అనే ధ్వని ముద్రణ యంత్రంలో మాటలుగా చెప్పి ఉంచుతాడు. మీనా వాటన్నింటినీ టైప్ చేసి, తేదీల వారీగా పేర్చి, నకళ్లు తీస్తుంది. అలా పేర్చేదాకా ఎవరికీ తమకు జరిగింది పూర్తిగా అర్థం కాదు: ఒకరి దగ్గర ఓడ కథ, మరొకరి దగ్గర ఇంటి కొనుగోలు పత్రాలు, ఇంకొకరి దగ్గర పిచ్చాసుపత్రి రోగి మాటలు. శత్రువుకు కూడా ఈ సంగతి తెలుసు. అతడు సీవార్డ్ గదిలో చొరబడి రాతప్రతినీ, ఫోనోగ్రాఫ్ మైనపు సిలిండర్లనూ తగలబెడతాడు; ఇనప్పెట్టెలో మరో ప్రతి ఉండటం వల్లనే వేట ఆగదు.

డ్రాకులాకు సొంత కథనం లేకపోవడం కూడా ఇందులో భాగమే. అతడి రాతగా మనకు దొరికేది ఒకటి రెండు చిన్న ఉత్తరాలే. అద్దంలో కనబడడు, నీడ పడదు. తనంతట తాను ఏ గుర్తూ మిగల్చని వాణ్ణి పట్టుకోవాలంటే ఇతరులు రాసిపెట్టినదే ఆధారం. నవలలోని భయానికి మూలం ఇదేనని నేను భావిస్తాను.

ప్రశ్న: రుమేనియా పాలకుడు వ్లాద్ జీవితమే ఈ నవలకు ఆధారమని చాలాచోట్ల రాస్తున్నారు. నిజమేనా?

జవాబు: పేరు వరకు నిజం; వ్లాద్‌కు డ్రాకులా అన్న పేరు కూడా ఉంది. స్టోకర్ 1890 వేసవిలో ఇంగ్లండ్ తూర్పు తీరంలోని విట్బీ పట్టణంలో ఉన్నప్పుడు, అక్కడి గ్రంథాలయంలో విలియం విల్కిన్సన్ అనే బ్రిటిష్ రాయబార ఉద్యోగి ఆనాటి రుమేనియా సంస్థానాలైన వల్లాకియా, మోల్డేవియాల గురించి 1820లో ప్రచురించిన పుస్తకం చదివి, డ్రాకులా అనే పేరును రాసుకున్నారు. అంతకు ముందు తన పాత్రకు కౌంట్ వాంపిర్ అని పేరు పెట్టుకున్నారు. ఆయన తయారుచేసుకున్న నోట్సు నేటికీ ఫిలడెల్ఫియాలోని రోసెన్‌బాక్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో వ్లాద్ మనుషులను కొరత వేయించిన ప్రస్తావనే లేదు. నవలలో డ్రాకులా కోట ఉన్న ట్రాన్సిల్వేనియాకు స్టోకర్ ఎన్నడూ వెళ్లలేదు. ఆ ప్రాంతపు నమ్మకాలను ఎమిలీ జెరార్డ్ 1885లో రాసిన వ్యాసం నుంచి తీసుకున్నారు. అదే ఏడాది విట్బీ తీరంలో ఒరిగిపోయిన దిమిత్రీ అనే రష్యన్ ఓడ, నవలలో డ్రాకులాను ఇంగ్లండ్ చేర్చే డిమీటర్ ఓడగా మారింది.

ప్రశ్న: ఈ నవలలో స్త్రీలు ఎవరో ఒకరు కాపాడవలసిన బాధితులుగానే మిగిలారన్న విమర్శ ఉంది. మీరు ఒప్పుకుంటారా?

జవాబు: డ్రాకులాకు బలయ్యే మీనా స్నేహితురాలు లూసీ విషయంలో ఒప్పుకుంటాను. నలుగురు పురుషులు ఒకరి తర్వాత ఒకరు ఆమెకు రక్తమిస్తారు (రక్త వర్గాలను గుర్తించింది 1900 తర్వాతే కనుక నేటి పాఠకుడికి ఆ సన్నివేశాలు మరింత గుబులు పుట్టిస్తాయి), కానీ ఆమెకు ఏం జరుగుతోందో ఆమెకు ఎవరూ చెప్పరు. ఆమె రక్తపిశాచిగా మారాక సమాధిలో జరిగేది చదవడం నాకు ఇప్పటికీ కష్టమే. స్వేచ్ఛ కోరే స్త్రీని చూసి ఆనాటి సమాజం పడ్డ కంగారు అక్కడ కనిపిస్తుంది.

మీనా సంగతి వేరు. అన్ని పత్రాలనూ ఒక్కచోట చేర్చిన ఆమెనే, సుకుమారి అన్న సాకుతో పురుషులు తమ సమాలోచనల నుంచి తప్పిస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే డ్రాకులా ఆమె మీద దాడి చేస్తాడు, ఎదుటే ఉన్న లక్షణాలను వాళ్లెవరూ గుర్తించరు. ఆమెను తిరిగి చేర్చుకున్నాకే దారి తెరుచుకుంటుంది: కౌంట్ పారిపోతున్నది ఏ నదీమార్గమో పత్రాలను ముందేసుకుని తర్కించి తేల్చేది ఆమే. రచయిత ఆమెను పొగిడేటప్పుడు ఆమెకు మగవాడి మెదడు ఉందని వేటకు నాయకుడైన ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ చేత అనిపిస్తారు; ఆ పొగడ్తలోనే ఆయన కాలపు పరిమితి ఉంది. అయినా కథను నడిపించే పని మాత్రం ఆమె చేతుల్లోనే పెట్టారు, అందుకే ఆ విమర్శను సగమే అంగీకరిస్తాను.

ప్రశ్న: ఎండ తగిలితే డ్రాకులా చనిపోతాడు కదా, నవల చివర అలా ఎందుకు జరగదు?

జవాబు: ఎండకు రక్తపిశాచి నశించడం 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం నోస్ఫెరాతుతో వచ్చింది. నవలలో పగటిపూట డ్రాకులా శక్తులు తగ్గుతాయి, అంతే. లండన్‌లోని పికడిల్లీ వీధిలో పట్టపగలు నిలబడి ఉన్న అతణ్ణి జొనాథన్ చూస్తాడు, అదీ కోటలో చూసిన నాటికన్నా వయసు తగ్గి కనిపిస్తుండగా. చివర అతణ్ణి చంపేది సూర్యాస్తమయ వేళ జొనాథన్, వేటలో అతడి సహచరుడు క్విన్సీల కత్తులు.