బుజ్జికి, కోడ్‌లో కామెంట్ల గురించి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

"మంచి కోడ్‌కి కామెంట్లే అక్కర్లేదట పెదనాన్నా, మా లీడ్ అన్నారు" అన్నావు మొన్న. కోడ్ మధ్యలో, కంప్యూటర్ కోసం కాక చదివే మనుషుల కోసం రాసే ఆ మాటల గురించి భోజనాల దగ్గర వాదన ఎందుకని ఊరుకున్నాను.

ఆయన చెప్పింది సగం నిజమే. వేరియబుల్‌కి ఎక్స్ అని పేరు పెట్టి, పక్కన "ఇది కస్టమర్ బకాయి" అని రాయడం కన్నా ఆ పేరేదో సరిగ్గా పెట్టడం మేలు. "కౌంట్‌కి ఒకటి కలుపుతున్నాం" అనే కామెంట్ వల్ల ఎవరికీ లాభం లేదు. కోడ్ చదవడం వచ్చినవాళ్లకి ఆ ముక్క తెలుసు, రానివాళ్లు ఆ ఫైలే తెరవరు.

కోడ్ ఏం చేస్తుందో చదివితే తెలుస్తుంది. ఎందుకలా చేస్తుందో మాత్రం చాలాసార్లు అందులో ఉండదు. నువ్వున్నది బిల్లింగ్ మాడ్యూల్ కదా. కట్టాల్సిన జీఎస్టీని దగ్గరి రూపాయికి సర్దే లైను ఒకటి ఉంటుంది. యాభై పైసలు, ఆపైన ఉంటే ఒక రూపాయి చేస్తుంది, తక్కువైతే వదిలేస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు చూసి, పైసలు పోతున్నాయి, ఇది బగ్గే అనుకుని ఎంతో శ్రద్ధగా సరిచేసేస్తాడు. అది బగ్ కాదు, 2017 నాటి సీజీఎస్టీ చట్టం 170వ సెక్షన్ చెప్పిన పద్ధతి. పైన ఆ సెక్షన్ నంబరు ఉంటే వాడు చెయ్యి పెట్టడు. బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సి కోడ్‌లో ఐదో అక్షరం సున్నా కాకపోతే తిప్పికొట్టే లైను కూడా అలాంటిదే. ఆ స్థానాన్ని ముందుముందు అవసరాలకని సున్నాగా ఉంచారని ఒక్క మాట రాసిపెడితే, రేపు రూలు మారినప్పుడు ఎక్కడ మార్చాలో వెతుక్కోనక్కర్లేదు.

బెంగళూరులో ఇది ఇంకా అవసరం. ఇక్కడ ఎవరు ఎన్నాళ్లు ఒక కంపెనీలో ఉంటారో తెలియదు. నోటీస్ పీరియడ్ చివర్లో, తెలిసిందంతా మిగిలినవాళ్లకి అప్పజెప్పడానికి కెటి అని మీటింగ్ పెడతారు. చెప్పేవాడి మనసు అప్పటికే కొత్త ఆఫీసులో ఉంటుంది, వినేవాళ్ల కళ్లు ఫోన్లో ఉంటాయి. ఆ రికార్డింగ్ ఎక్కడుందో తర్వాత ఎవరూ చెప్పలేరు. వెళ్లిపోయిన మనిషి మారతహళ్లిలో మీ పీజీ పక్క మెస్‌లోనే కనిపించవచ్చు. కానీ పని కుదరకపోతే మళ్లీ ప్రయత్నించే రీట్రై మూడుసార్లే ఎందుకు పెట్టావని అడిగితే బుర్ర గోక్కుంటాడు.

ఈ బాధ మహామహులకే తప్పలేదు. 1975 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆరో ఎడిషన్‌లో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) నుంచి ఇంకోదానికి మారే చోట "ఇది మీకు అర్థం కావాలని మేం అనుకోవడం లేదు" అని ఒక కామెంట్ ఉంది. చాలామంది దాన్ని పొగరనుకున్నారు. పరీక్షలో ఇది అడగంలే అన్న ధోరణిలో రాశామనీ, నిజానికి అక్కడేం జరుగుతోందో అప్పట్లో తమకే సరిగ్గా తెలియదనీ యూనిక్స్ తయారుచేసినవాళ్లలో ఒకడైన డెనిస్ రిచీ తర్వాత చెప్పాడు. అపోలో 11 చంద్రుడి మీద దిగే ప్రోగ్రాంలోనైతే "తాత్కాలికం, అనే ఆశ, ఆశ, ఆశ" అన్న అర్థంలో ఒక కామెంట్ ఉంది. 1969లో అది అలాగే చంద్రుడి దాకా వెళ్లింది! అందుకే నువ్వు "తర్వాత చేయాలి" అని టూడూ రాస్తే పక్కన ఆ పని నమోదైన టికెట్ నంబరు కూడా వెయ్యి.

కోడ్ మార్చి కామెంట్ మార్చకపోతే అది రూటు మారినా పాత బోర్డుతో తిరిగే బస్సే. కోడ్‌కి విరుద్ధంగా ఉన్న కామెంట్ కన్నా అసలు లేకపోవడమే నయమని పైథాన్ భాషలో కోడ్ ఎలా రాయాలో చెప్పే పెప్ 8 కూడా అంటుంది. రెండూ ఒకే కమిట్‌లో, అంటే ఒకేసారి నమోదు చేసే మార్పులో, మార్చు. వాడని కోడ్‌ని కామెంట్ చేసి దాచుకోకు, పాత మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో ఎలాగూ ఉంటుంది.

ఇప్పుడు ఏఐ టూల్‌ని అడిగితే ప్రతి ఫంక్షన్ నెత్తిన చక్కటి ఇంగ్లిష్‌లో రాసిపెడుతుంది. దానికి కనిపించేది కోడే. క్లయింట్ కాల్‌లో ఏం ఒప్పుకున్నాడో దానికెలా తెలుస్తుంది? అన్నట్టు, ఎవరికీ అర్థం కాదులే అని ఆ క్లయింట్‌ని తెలుగులో తిడుతూ కామెంట్ రాయకు. ఈ ఊళ్లో ఏ టీములో చూసినా మనవాళ్లుంటారు.

రేపు ఆఫీసుకెళ్లాక, ఆ రీట్రై మూడుసార్లే ఎందుకో మీ లీడ్‌ని అడుగు. ఆయన ఏం చెబితే అదే కామెంట్‌గా రాసి, రివ్యూకి ఆయనకే పంపు.

ఇట్లు,
పెదనాన్న